స్నానపు నీటి పరీక్ష: నిన్నటి నీటికి నేటి జవాబు

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదకవర్గ మిత్రులు రెండుసార్లు కబురు చేశారు. రిజర్వాయర్లు, పంపుహౌసులు, పైపులైన్ల చరిత్ర వ్రాయగల ఇంజనీర్లు మన సంఘంలో చాలామందే ఉన్నారు. నేను లేబొరేటరీ మనిషిని. నా సర్వీసంతా గాజు గొట్టాలు, దూది బిరడాల మధ్యనే గడిచిపోయింది. కనుక నన్ను రిటైరయ్యేదాకా వేధించిన ఒకే ఒక విషయం చరిత్రను నాకు తెలిసినంతవరకు చెబుతాను. మనుషులు మునిగే నీటిలో మలకాలుష్యం ఉన్నదీ లేనిదీ ఎంత త్వరగా చెప్పగలం అన్నదే ఆ విషయం.

త్రాగునీటి సంగతి వేరు. దానిని వడపోసి, క్లోరిన్ కలిపి పంపుతాం. పరీక్ష మన పని సరిగా జరిగిందా అని చూచుకోవడానికే. నదిలోనో సముద్రంలోనో మునిగేవాడికి మధ్యలో ఫిల్టరు బెడ్డు లేదు, క్లోరినేటరూ లేదు. నీరు ఎలా ఉంటే అలాగే ఒంటికి తగులుతుంది, ముక్కులోకి, నోట్లోకి పోతుంది. అతనికి పనికివచ్చే ప్రశ్న ఒక్కటే: ఈవేళ, ఈ గంటకు ఈ నీరు ఎలా ఉంది? ఈ చిన్న ప్రశ్నకు జవాబు చెప్పడం నూరేళ్ళకు పైగా ఎవరివల్లా కాలేదు.

1991 గోదావరి పుష్కరాలప్పుడు నన్ను గట్టున ఉన్న ఒక పట్టణానికి డ్యూటీ మీద పంపారు. ఒక స్కూలు గదిలో తాత్కాలిక లేబొరేటరీ. రెండు ఇంక్యుబేటర్లు, ఒక వాటర్ బాత్, ప్రెషర్ కుక్కరు లాంటి చిన్న ఆటోక్లేవ్. కరెంటు పోయినప్పుడల్లా ఇంక్యుబేటరు తలుపు తెరవవద్దని అటెండరు కాపలా. ఉదయం ఐదింటికే ఐస్ పెట్టెతో రేవులకు వెళ్ళి స్టెరిలైజు చేసిన సీసాలలో నీరు పట్టి తెచ్చేవాళ్ళం.

మన పద్ధతి పాత మిత్రులకు కంఠతా వచ్చినదే, అయినా పిల్లలెవరైనా చదువుతారేమోనని చెబుతున్నాను. మకాంకీ బ్రాత్ అనే ఊదారంగు ద్రవం ఉన్న గొట్టాలలో నమూనాను 10 మిల్లీలీటర్లు, 1 మిల్లీలీటరు, అందులో పదోవంతు, ఇంకా పలుచన చేస్తూ వరుసకు ఐదేసి గొట్టాల చొప్పున వేస్తాం. ప్రతి గొట్టంలోనూ బోర్లించిన బుల్లి గొట్టం ఒకటి ఉంటుంది. పేగులలో ఉండే జాతి బ్యాక్టీరియా ఉంటే లాక్టోజును పులియబెట్టి ఆమ్లం చేస్తుంది, రంగు పసుపుకు తిరుగుతుంది. గ్యాసు బుల్లి గొట్టంలోకి చేరి బుడగగా నిలుస్తుంది. దీనికి 24 గంటలు, అప్పటికీ తేలకపోతే 48. తేలినవాటిని మళ్ళీ వేరే ద్రవంలోకి ఎక్కించి 44.5 డిగ్రీల వాటర్ బాత్‌లో ఉంచితే మలసంబంధమైనవేనా అన్నది రూఢి అవుతుంది. దానికి ఇంకొక రోజు. ఎన్ని గొట్టాలు తేలాయో లెక్కించి పట్టికలో చూస్తే 100 మిల్లీలీటర్లకు ఇన్ని ఉండవచ్చునని ఎం.పి.ఎన్. అంకె వస్తుంది. మొత్తం మీద మూడు రోజులు, ఒక్కొక్కప్పుడు నాలుగు.

మూడవ రోజు ఉదయం ఒక రేవులో సీసా ముంచుతుండగా ఒక పెద్దావిడ మనవడి చెయ్యి పట్టుకుని వచ్చి నా ప్రక్కనే నిలబడింది.

“ఏం బాబూ, ఆ సీసాల్లో పడుతున్నావు?”

“నీళ్ళు బాగున్నాయో లేదో చూస్తామండీ, మామ్మగారూ.”

“ఎలా ఉన్నాయి మరి? వీణ్ణి ముంచనా?”

“రిజల్టు శుక్రవారం వస్తుందండీ.”

“శుక్రవారానికి మేం మా ఊళ్ళో ఉంటాం కదా బాబూ!”

ఆవిడ ఎగతాళిగా అనలేదు. నిజంగానే అడిగింది. నేను నదికేసి చూశాను. రేవుకు కాస్త ఎగువన ఒక మురుగు కాలువ కలుస్తున్నది. “ఇక్కడ వద్దండీ, ఆ కాలువకు పైనున్న రేవుకు వెళ్ళండి” అన్నాను. అది కంటితో చూచి చెప్పిన మాటే గాని గొట్టాలతో చెప్పినది కాదు. శుక్రవారం ఆ నమూనా గొట్టాలన్నీ పసుపుపచ్చగా, బుడగలతో ఉన్నాయి. అంకె పట్టిక దాటిపోయింది. కాగితం పట్టుకువెళ్ళి పై అధికారి ఒకాయనకు చూపిస్తే, “ఇది మంగళవారం నీరు కదయ్యా, ఈవేళ నన్నేం చెయ్యమంటావు?” అన్నారు. ఆయన అన్నది అన్యాయం కాదు. రిపోర్టు ఫైలులో చేరింది. ఆ పన్నెండు రోజులలో నేను ఇచ్చిన ప్రతి రిపోర్టూ వెళ్ళిపోయిన నీటి గురించి, వెళ్ళిపోయిన మనుషుల గురించి.

ఆ తరువాత ఈ మూడు రోజుల చరిత్ర ఏమిటో తెలుసుకోవాలనే పట్టుదల పుట్టి దొరికినవన్నీ చదువుతూ వచ్చాను.

మొదలు మన దేశంలోనే అనవచ్చు. 1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలో ఒక చెరువు నీటిలో కలరా క్రిమిని పట్టుకున్నారు. చుట్టూ ఉన్న గుడిసెలవారు స్నానాలు చేసేదీ, బట్టలు ఉతికేదీ, త్రాగేదీ ఆ చెరువే. అయితే రోగక్రిమిని నీటిలో నేరుగా వెదకడం గడ్డివాములో సూదిని వెదకడమే. మరుసటి సంవత్సరం, 1885లో, థియోడర్ ఎషెరిక్ అనే పిల్లల వైద్యుడు పసిపిల్లల మలంలో ఎప్పుడూ కనిపించే ఒక బ్యాక్టీరియాను వర్ణించారు. అదే తరువాత ఆయన పేరు మీద ఈ.కోలి అయింది. రోగక్రిమి కోసం వెదకడం మాని, మలం చేరినదా లేదా అన్నది ఈ సాక్షిని పట్టి తేల్చుకోవచ్చునన్న ఆలోచన అక్కడినుంచి వచ్చినదే. బోర్లించిన బుల్లి గొట్టం హెర్బర్ట్ డర్‌హామ్ 1898లో పెట్టినది. వేడి ఎక్కువ చేసి మలసంబంధమైన వాటిని వేరుచేసే ఉపాయం 1904లో ఐక్‌మన్‌ది. బెరిబెరి వ్యాధి పరిశోధనకు నోబెల్ బహుమతి పొందిన ఐక్‌మన్ ఈయనే. గొట్టాల లెక్కనుంచి అంకె తీసే గణితం మెక్‌క్రేడీ 1915లో వ్రాశారు. అంటే 1991లో ఆ స్కూలు గదిలో నేను చేసిన పనిలో 1915 తరువాతి ఊహ దాదాపు ఏదీ లేదు.

ఇక్కడ ఒక మాట. గంగలో కలరా క్రిమి బ్రతకదని ఆగ్రాలో పనిచేసిన హాంకిన్ 1896లో వ్రాశారు. మన నదులకు ఏ పరీక్షా అక్కరలేదని వాదించేవారు ఇప్పటికీ దాన్ని చూపిస్తారు. ఆయన పరీక్షించినది కలరా క్రిమిని. ఇవతల మురుగు కాలువ తెచ్చే మిగతా వాటి గురించి ఆయన హామీ ఏమీ ఇవ్వలేదు.

స్నానపు నీటికి ప్రత్యేకంగా ఒక ప్రమాణం ఉండాలన్న ఆలోచన చాలా ఆలస్యంగా వచ్చింది. అమెరికాలో 1948 నుంచి 1950 వరకు ప్రజారోగ్య శాఖకు చెందిన స్టీవెన్సన్ బృందం మూడుచోట్ల ఈతగాళ్ళను గమనించింది: షికాగో వద్ద మిచిగాన్ సరస్సు, కెంటకీ రాష్ట్రం డేటన్ వద్ద ఓహియో నది, న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలండ్ సౌండ్. ఇళ్ళకు క్యాలెండర్లు ఇచ్చి, ఏ రోజు ఎవరు ఈదారు, ఎవరికి ఏ జబ్బు చేసింది అన్నది వ్రాయించారు. షికాగోలో కోలిఫారాలు 100 మిల్లీలీటర్లకు సగటున 2,300 ఉన్న రోజులలో ఈదినవారికి, బాగా శుభ్రంగా ఉన్న రోజులలో ఈదినవారికంటె జబ్బులు ఎక్కువగా కనిపించాయి. ఓహియో నదిలో 2,700 దగ్గర కడుపు జబ్బులు పెరిగాయి.

ఈ అంకెలు తరువాత పట్టిన దారి వినదగినది. 1968లో అక్కడి జాతీయ సాంకేతిక సలహా సంఘం ప్రమాణం నిర్ణయించడానికి కూర్చున్నది. ఓహియో నదిలో మొత్తం కోలిఫారాలలో మలసంబంధమైనవి సుమారు 18 శాతమని లెక్క తేలింది. అంటే 2,300కు 400. అది జబ్బు కనిపించిన మట్టం కనుక, అందులో సగం చేసి 200 అన్నారు. అంతే! ప్రపంచంలో ఎన్నో దేశాలు నెత్తిన పెట్టుకున్న 200 అంకె పుట్టుక ఇది. దీన్ని వెక్కిరించడానికి చెప్పడం లేదు. చేతిలో ఉన్నది అంతే అయినప్పుడు ఎవరైనా అదే చేస్తారు. కాని మన రిపోర్టులలో ఆ అంకెలను వేదవాక్యంలా వ్రాసేవాళ్ళం గనుక చెబుతున్నాను.

ఇంగ్లండులో కథ వేరుగా నడిచింది. 1957లో సముద్రస్నానం తరువాత పోలియో సోకి కెరొలిన్ వేక్‌ఫీల్డ్ అనే ఆరేళ్ళ పాప చనిపోయింది. మురుగు కలిసిన నీరే కారణమని తల్లిదండ్రులు నమ్మి, 1958లో తీరప్రాంత కాలుష్య వ్యతిరేక సంఘం ఒకటి పెట్టారు. ఏ బీచి దగ్గర మురుగు ఎక్కడ కలుస్తుందో జాబితా వేసి ప్రజలకు అమ్మారు. 1959లో అక్కడి వైద్య పరిశోధన మండలి కమిటీ ఐదేళ్ళ పరిశీలన ముగించి, కంటికి అసహ్యం కలిగించేంత మురుగు ఉంటే తప్ప స్నానంవల్ల తీవ్రమైన ప్రమాదం లేనట్లేనని తేల్చింది. కంటికి కనిపించని దానికి పరీక్ష అక్కరలేదన్నమాట. ఒకవైపు బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులు, ఇంకొకవైపు కమిటీ రిపోర్టు. ఆ పాపకు పోలియో నీటివల్లనే వచ్చిందని ఋజువు చేయడం ఎవరి తరమూ కాదు, వల్ల కాదని ఋజువు చేయడమూ అంతే. నీటి నమూనాను ఆ రోజే ఎవరూ తీసి పెట్టలేదు.

కమిటీ మాట చాలాకాలం చెల్లింది. 1975లో యూరోపియన్ సమాజం స్నానపు నీటి ఉత్తర్వు జారీ చేసినప్పుడు బ్రిటన్ మొదట గుర్తించిన స్నానస్థలాలు 27 మాత్రమే; లక్షలమంది వెళ్ళే బ్లాక్‌పూల్ అందులో లేదు. జాబితాలో లేని చోట పరీక్ష చేయనక్కరలేదు కదా! ఆఫీసు నడిపినవారికి ఈ కిటుకు కొత్త కాదు.

కమిటీ నిర్ణయాన్ని అక్కడివారే తిరగవ్రాశారు. 1989 నుంచి 1992 దాకా నాలుగు బ్రిటిష్ బీచిలలో 1,200 మందికి పైగా పెద్దవాళ్ళను చీట్లు తీసినట్లు రెండు జట్లు చేసి, ఒక జట్టును నీటిలోకి పంపి, రెండవ జట్టును ఒడ్డున కూర్చోబెట్టారు. డేవిడ్ కే బృందం 1994లో ప్రకటించిన ఫలితం ప్రకారం, ఛాతీ లోతున తీసిన నీటిలో మలసంబంధ స్ట్రెప్టోకోకై 100 మిల్లీలీటర్లకు 32 దాటితే కడుపు జబ్బు ఎక్కువ కావడం మొదలవుతుంది. అంత తక్కువ అంకె వద్ద నీరు కంటికి స్వచ్ఛంగానే కనిపిస్తుంది.

ఈలోగా అమెరికాలో విక్టర్ కబెల్లి అనే ఆయన 1972 నుంచి న్యూయార్క్ బీచిలలో, తరువాత బోస్టన్‌లో, లూయిజియానాలోని పాంచర్‌ట్రేన్ సరస్సులో పనిచేశారు. వారాంతంలో బీచికి వచ్చినవారిని అక్కడే పలకరించి, వారం పది రోజుల తరువాత ఫోను చేసి కడుపులో ఎలా ఉందని అడిగేవారు. ఉప్పునీటిలో ఈ.కోలి త్వరగా చచ్చిపోతుంది, ఎంటరోకోకై కొంత నిలుస్తాయి గనుక వాటి లెక్కకే జబ్బుతో పొందిక కుదిరింది. మంచినీటి సరస్సులలో ఆల్‌ఫ్రెడ్ డ్యుఫోర్ చేసిన పని 1984లో వచ్చింది. ఈ రెండింటి మీద 1986లో అమెరికా కొత్త అంకెలు పెట్టుకున్నది: సముద్రంలో ఎంటరోకోకై 35, మంచినీటిలో ఈ.కోలి 126.

కబెల్లి పనిలో నన్ను పట్టుకున్నది అంకె కాదు, ఒక నిర్వచనం. మోకాలి లోతులో తిరిగేవాడు ఆయన దృష్టిలో ఈతగాడు కాడు. తల నీటిలో మునిగితేనే ఈతగాడు. ఆ లెక్కన మన పుష్కర యాత్రికులలో ఎనభై ఏళ్ళ ముసలివారు కూడా పూర్తి ఈతగాళ్ళే. మూడు మునకలు వేస్తారు, దోసిలితో తీసుకుని ఆచమనం కూడా చేస్తారు. కబెల్లి లెక్కలలో ఆచమనానికి చోటు లేదు.

ఇన్నేళ్ళూ ప్రమాణాలు మారాయి, సాక్షి బ్యాక్టీరియా మారింది. గడియారం మాత్రం పెద్దగా కదలలేదు. నీటిని సన్నటి పొర గుండా వడగట్టి, ఆ పొరను పోషక పదార్థం మీద పెట్టి మచ్చలు లెక్కించే మెంబ్రేన్ ఫిల్టరు రెండవ ప్రపంచయుద్ధ కాలంలో జర్మనీలో పదునెక్కింది; బాంబులకు నీటి గొట్టాలు పగిలిన ఊళ్ళకు త్వరగా జవాబు కావలసివచ్చింది మరి. దానితో మూడు రోజులు ఒక రోజయింది. 1988లో స్టీఫెన్ ఎడ్‌బర్గ్ ప్రకటించిన పద్ధతిలో పొడి కలిపిన నీరు పసుపుపచ్చగా మారితే కోలిఫారం, అతినీలలోహిత దీపం క్రింద నీలంగా మెరిస్తే ఈ.కోలి. కొలిలెర్ట్ అనే పేరుతో అమ్ముతారు. చేయడం తేలిక, చేతివాటం అక్కరలేదు, కాని అదీ 18 నుంచి 24 గంటలే. బ్యాక్టీరియా పెరగాలి, పెరగడానికి దానికి పట్టే వేళ అది తీసుకుంటుంది. మనం తొందరపెడితే వినదు.

మన దేశం నుంచి కూడా ఒక మంచి పని వచ్చింది, దానిని మనవాళ్ళే చాలామంది ఎరగరు. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థకు చెందిన మాంజా, మౌర్య, రావు అనే ముగ్గురు 1982లో ఒక పరీక్ష ప్రకటించారు. పెప్టోను, ఇనుము లవణం, థయోసల్ఫేటు పట్టించి ఆరబెట్టిన కాగితం ముక్కను సీసాలో వేసి స్టెరిలైజు చేసి ఉంచుతారు. నీరు పోసి మామూలు వేడిలో వదిలేస్తే, మలకాలుష్యం ఉన్నప్పుడు హైడ్రోజన్ సల్ఫైడు పుట్టి 12 నుంచి 18 గంటలలో నీరు నల్లబడుతుంది. ఇంక్యుబేటరు అక్కరలేదు. పల్లెల బావులకు ఇది వరప్రసాదమే. కాని నది నీటికి పెట్టి చూశాను. నల్లబడని సీసా నాకు కనిపించలేదు. అవునా కాదా అని మాత్రమే చెప్పే పరీక్ష, ఎప్పుడూ ఎంతో కొంత ఉండే నది దగ్గర ఏం చెబుతుంది? ఎంత ఉన్నదన్నది కావాలి.

గడియారం మాట ఇంత పట్టుదలగా ఎందుకు చెబుతున్నానో లాస్ ఏంజెలిస్ తీరంలో రోజూ తీసిన నమూనాల లెక్కలు చూస్తే తెలుస్తుంది. 2001లో ప్రకటించిన ఆ లెక్కల ప్రకారం, నీరు హద్దు దాటిన సందర్భాలలో సుమారు 70 శాతం ఒక్కరోజు ముచ్చటే. సోమవారం నీరు చెడిపోయింది, మంగళవారం పరీక్ష జవాబు వచ్చింది, బోర్డు పెట్టారు, అప్పటికి నీరు శుభ్రం. చెడ్డ రోజున జనం ఈదారు, మంచిరోజున ఒడ్డున నిలబడ్డారు. పరీక్ష తప్పు కాదు, అంకె తప్పు కాదు, కాని బోర్డు తప్పు. 1991లో ఆ అధికారి నాతో అన్నది కూడా ఇదే.

2000 సంవత్సరంలో అమెరికన్ కాంగ్రెసు చేసిన బీచి చట్టం త్వరిత పరీక్ష కోసం పరిశోధన చేయమని ఆదేశించింది. బ్యాక్టీరియా పెరిగేదాకా ఆగకుండా, దాని డి.ఎన్.ఎ.నే లెక్కించడం అప్పటికి సాధ్యమైంది. నీటిని వడగడతారు, పొర మీద చిక్కిన కణాలను సన్న గాజు పూసలతో కలిపి కుదిపి పగలగొడతారు, అందులోని ఎంటరోకోకై డి.ఎన్.ఎ. ముక్కను యంత్రంలో రెట్టింపు మీద రెట్టింపు చేస్తారు. ఎన్ని రెట్టింపులకు వెలుగు కనిపించిందన్న దానిని బట్టి మొదట ఎంత ఉందో లెక్క కడతారు. తొందరగా కనిపిస్తే ఎక్కువ ఉన్నట్లు. క్యు.పి.సి.ఆర్. అంటారు. నాలుగు గంటలలోపు పని. 2003లో మిచిగాన్, ఈరీ సరస్సుల బీచిల దగ్గర ఈ అంకెలను ఈతగాళ్ళ జబ్బులతో సరిచూస్తే పొందిక కుదిరింది. 2012లో అక్కడి ప్రమాణాలలో దానికి చోటు దొరికింది. 2017 నుంచి షికాగో తన బీచిలన్నిటికీ ఈ పరీక్ష మొదలుపెట్టింది.

2019 వేసవిలో మా అమ్మాయి దగ్గరకు వెళ్ళినప్పుడు షికాగో సరస్సు ఒడ్డున నడుస్తూ నీటి పరీక్ష గురించి అల్లుణ్ణి అడిగాను. అతను ఫోను తీసి ఆ రోజు అంకె చూపించాడు. ఆ ఉదయం తీసిన నీరు, మధ్యాహ్నానికి అంకె. పిల్లలు నీళ్ళలో ఉన్నారు. 1948లో క్యాలెండర్లు పంచినది కూడా ఈ సరస్సు ఒడ్డునే. నేను చాలాసేపు ఆ ఫోను తిరిగి ఇవ్వలేదు. “మామయ్యగారూ, ఏమైంది?” అని అల్లుడు కంగారుపడ్డాడు. ఏం చెప్పను? “శుక్రవారం కాదా?” అన్న మాట నోటిదాకా వచ్చింది.

ఈ కొత్త పరీక్షలోనూ లోపాలు లేకపోలేదు. డి.ఎన్.ఎ. బ్రతికిన కణానిదో చచ్చినదానిదో యంత్రానికి తెలియదు. క్లోరిన్ వేసి చంపిన మురుగు నీరు వదిలేచోట అంకె ఎక్కువ చూపిస్తుంది. బురదనీటిలోని పదార్థాలు యంత్రం పనిని అడ్డుకుంటాయి. వరద గోదావరి రంగు తలచుకుంటే ఇది చిన్న విషయం కాదు. ఖర్చూ, చేయి తిరిగిన మనిషీ కావాలి. అడ్డంకులను తట్టుకునే మెరుగైన రకాన్ని 2022లో శాన్‌డియేగో జిల్లా తన సముద్రతీరానికి వాడటం మొదలుపెట్టింది. కొన్ని బీచిలలో అంతకు ముందుకంటె ఎక్కువ రోజులు హెచ్చరిక బోర్డులు పెట్టవలసివచ్చి వ్యాపారులు గోలపెట్టారు.

పారిస్ సంగతి పేపర్లలో అందరూ చదివినదే. 1923 నుంచి ఈత నిషేధించిన సేన్ నదిని 2024 ఒలింపిక్స్‌కు శుభ్రం చేయడానికి సుమారు 140 కోట్ల యూరోలు ఖర్చుపెట్టారు. ప్రారంభోత్సవం నాడు వాన పడింది. జూలై 30న జరగవలసిన పురుషుల ట్రయాథ్లాన్ ఆ తెల్లవారుజామున వాయిదా పడి మరునాడు జరిగింది. అంత డబ్బు పోసిన చోట కూడా చివరికి వాన ఎప్పుడు పడింది, ఎండ ఎంత కాసింది అన్నది కలిపి చూచుకోక తప్పలేదు. 2025 జూలైలో మూడుచోట్ల మామూలు జనానికి నది తెరిచారు.

మన దగ్గర ప్రమాణాలకు కొరత లేదు. నేను పుష్కరాలకు వెళ్ళిన నాటికే స్నానయోగ్యమైన ‘బి’ తరగతి నీటికి మొత్తం కోలిఫారాలు 500 దాటరాదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణ ఉన్నది. 2000లో కేంద్రప్రభుత్వ నోటిఫికేషన్ మలసంబంధ కోలిఫారాలు 500 ఉండటం మంచిదని, 2,500 దాటకూడదని చెప్పింది. స్ట్రెప్టోకోకైకి 100, 500. మన విశాఖ ఋషికొండ బీచికి 2020లో నీలిజెండా గుర్తింపు వచ్చినప్పుడు ఇంకా కఠినమైన అంకెలు చూడవలసి వచ్చింది: ఈ.కోలి 250, ఎంటరోకోకై 100. కాగితం మీది అంకె ఎంత గట్టిదైనా, ఎప్పటి నీటిదన్నది మాత్రం ఎవరూ అందులో వ్రాయరు.

2025 ప్రయాగ కుంభమేళా జనవరి 13న మొదలైంది. జనవరి 12, 13 తేదీల నీటి నమూనాల సంగతులు, స్నానఘట్టాల వద్ద మలసంబంధ కోలిఫారాలు పలుమార్లు హద్దు దాటిన సంగతి చెప్పే కేంద్ర మండలి రిపోర్టు ఫిబ్రవరిలో గ్రీన్ ట్రైబ్యునల్ ముందు చర్చకు వచ్చింది. అప్పటికి కోట్లమంది మునిగి ఇళ్ళకు చేరారు. మేళా ఫిబ్రవరి 26తో ముగిసింది. ఆ తరువాత 28వ తేదీతో మండలి ఇచ్చిన ఇంకొక రిపోర్టులో, గణాంకాల ప్రకారం మొత్తం మీద నీరు స్నానానికి తగినదేనని ఉన్నది. ఏది సరియైనదని వాదించుకోవడం నా ఉద్దేశం కాదు. నమూనాలు పట్టిన అనలిస్టులలో ఎవరినో ఒక మామ్మగారు అడిగే ఉంటుంది గదా, ఆ అబ్బాయి ఏమి చెప్పి ఉంటాడా అన్నదే నా ధ్యాస.

నా మట్టుకు నేను అడిగేది షికాగో యంత్రాలను ప్రతి రేవులో పెట్టమని కాదు. పెద్ద ఘట్టాలకు, ఆ పన్నెండు రోజులకు ఒకటి రెండు చోట్ల పెట్టడం ఈనాడు అసాధ్యం కాదు. కోవిడ్ తరువాత ఇటువంటి యంత్రం, చేయి తిరిగిన పిల్లలు జిల్లా ఆసుపత్రులలోనే ఉన్నారు. మిగతా రేవులకు ఇంకా చవకైన పద్ధతి ఒకటుంది. ఎగువన కాలువ ఎక్కడ కలుస్తుంది, నిన్న వాన పడిందా, ఎన్ని వేలమంది దిగారు అన్నవి వ్రాసి, కొన్ని రోజుల గొట్టాల అంకెలతో సరిచూచుకుంటే, మరునాటికి ముందే ఒక అంచనా చెప్పవచ్చు. ఓహియో రాష్ట్రంలో ఈరీ సరస్సు బీచికి 2006 నుంచి వానను, అలలను, నీటి మురికిని బట్టి ఇటువంటి అంచనాలే ప్రకటించారు. మన పాత శానిటరీ ఇన్‌స్పెక్టర్లు నోటి లెక్కగా చేసినది ఇదే, వ్రాసిపెట్టలేదు గాని.

సరిచూచుకోవడానికి పాత అంకెలు కావాలి. 1991 పుష్కరాల నాటి నా రోజువారీ నోటుపుస్తకం ఒకటి నా దగ్గర ఉన్నది. రేవు, వేళ, వాన, గొట్టాల లెక్క అన్నీ అందులో ఉన్నాయి. 2015 తరువాత గోదావరి పుష్కరాలు 2027లో. 1979, 1991, 2003 గోదావరి పుష్కరాలలోగాని, 1992, 2004 కృష్ణా పుష్కరాలలోగాని నీటి నమూనాల డ్యూటీ చేసిన మిత్రులు ఎవరి వద్దనైనా అటువంటి రిజిస్టర్లు, డైరీలు, కనీసం చిత్తు కాగితాలైనా మిగిలి ఉంటే దయచేసి సంఘం కార్యాలయానికి పంపగలరు. చెదలు పట్టినవైనా సరే, నేనే శుద్ధప్రతి వ్రాసి అసలువి తిరిగి పంపుతాను.